మంగళవారం ఆల్జీబ్రా

ఆయన పోయారన్న సంగతి నాకు ఇండియన్ స్టోర్‌లో బెండకాయలు ఏరుతుండగా తెలిసింది. పక్కన కొత్తిమీర కట్టలు విదిలిస్తున్న ఒకావిడ "మన స్కోర్ అంకుల్ పోయారట, శుక్రవారం. నిద్రలోనే అట, అదృష్టవంతుడు" అంది. ఆవిడకి ఆయనతో పెద్ద పరిచయం లేదు, అందుకే అంత సులువుగా చెప్పగలిగింది. ఏరిన బెండకాయలు అక్కడే వదిలేసి కార్లోకి వచ్చి కూర్చున్నాను. ఏడుపు వచ్చింది. అందులో దుఃఖం ఎంతో, ఇక ఆయన ముందు నిలబడక్కర్లేదన్న నిశ్చింత ఎంతో నాకే తెలియలేదు. ఆ నిశ్చింతని తలుచుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆయనకి మంచి పేరే ఉంది, కానీ మా కాపెల్ ఊళ్ళో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. పిల్లలు స్కోర్ అంకుల్ అన్నారు, పెద్దవాళ్ళకీ అదే అలవాటైంది. నేను కూడా ఇక్కడ పేరు రాయను. ఆయన గురించి మంచిమాటలు చెప్పి పేరు తెచ్చుకునేవాళ్ళలో నేను చేరకూడదు.

డెబ్బై దాటిన మనిషి. టెక్సస్ ఎండలో అందరూ నిక్కర్లతో తిరుగుతుంటే ఆయన మాత్రం ఫుల్ హాండ్స్ చొక్కా, మెడ దాకా గుండీలు. నెత్తిన అంచులు వాలిన గుడ్డ టోపీ, చెవి మీద పెన్సిలు, ఫ్లాస్కులో అల్లం కరివేపాకు వేసిన మజ్జిగ. మడతకుర్చీ పక్కన నేలలో పెద్ద గొడుగు పాతేవారు. ఊరి పార్కులో పది నుంచి పన్నెండేళ్ళ పిల్లల బేస్‌బాల్ టీంకి స్కోరు రాయడం ఆయన పని. జీతం లేదు, ఎవరూ అప్పగించలేదు కూడా. మనవలు ఆడటం మానేసి కాలేజీలకు వెళ్ళిపోయినా ఆయన కుర్చీ మాత్రం అక్కడే ఉంది.

మావాడు ఆ టీంలో చేరినప్పుడు నాకు ఆ ఆట గురించి ఓనమాలు తెలియవు. నిజం చెప్పాలంటే గొడుగు నీడ కోసం వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. మాది హనుమకొండ, ఆయనది బాపట్ల. నేను మాట్లాడితే ఆయన నవ్వేవారు, ఆయన "ఏందమ్మా" అంటే నేను నవ్వేదాన్ని. ఎవరు పరిగెత్తుతున్నారో, ఎందుకు ఆగారో ప్రతి బంతికీ ఓపికగా చెప్పేవారు. అడిగిందే అడిగినా విసుక్కునేవారు కాదు.

ఒకసారి మావాడి చేతిలోకి వచ్చిన బంతి జారిపోయింది. బేస్‌బాల్‌లో అలాంటిది జరిగితే స్కోరు పుస్తకంలో ఆ పిల్లాడి పేరు మీద ఎర్రర్ అని రాస్తారు. అంటే తప్పు నీదే అని. కష్టమైన బంతి కాబట్టి జారిందనుకుంటే ఎర్రర్ రాయనక్కర్లేదు. అది నిర్ణయించేది స్కోరు రాసే మనిషే. మావాడు ఏడ్చాడు. మర్నాడు నేను ఒక డబ్బా నిండా మామిడికాయ తొక్కు తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. మాటల మధ్యలో, ఎండ కళ్ళలో పడ్డది అంకుల్, జర చూడరాదు అన్నాను. ఆయన వేలితో తొక్కు రుచి చూసి తల ఊపారు.

"బ్రహ్మాండంగా ఉందమ్మా. ఎర్రర్ మాత్రం ఎర్రరే."

"పిల్లగాడు అంకుల్."

"అందుకేగా ఇప్పుడే రాయాల్సింది. తప్పు జరిగింది, పుస్తకంలో ఉంది, ఇంక దాంతో పనేముంది? ఆడుకోమను. రాయకపోతే వాడే మోసుకు తిరగాల."

నాకు ఒళ్ళు మండింది. ఇంటికి వచ్చి, ముసలాయనకి ఇంత పట్టుదల పనికిరాదని మా ఆయనతో అన్నాను. కానీ మావాడు నిజంగానే ఆ సంగతి మూడోరోజుకి మర్చిపోయాడు. తర్వాతి సీజన్‌లో వాడికి పిచింగ్ ఇవ్వమని కోచ్‌కి చెప్పింది కూడా ఆయనే. బంతి వేసేవాడే ఆ ఆటకి ప్రాణం. అంత పని నల్లగా బక్కగా ఉండే మా పిల్లాడికి ఇవ్వాలని ఇంకెవరికీ తోచలేదు.

ఆయనకి ఒక వింత అలవాటు ఉండేది. పెద్ద లీగుల్లో ఆడేవాళ్ళు ఒక టీం వదిలి డబ్బున్న టీంకి మారినప్పుడు వీడ్కోలు మాటలు చెబుతారు కదా, అవి పేపర్లో వస్తే పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ చదివేవారు, పరీక్ష పేపరు దిద్దినట్టు. ఒక ఆదివారం మమ్మల్ని భోజనానికి పిలిచారు. అందరికీ ఇష్టమైన ఆటగాడు ఒకడు ఆ వారమే కోట్ల జీతానికి వేరే ఊరి టీంకి వెళ్ళాడు. టీవీలో అతని పాత అభిమానులు అతని పేరున్న చొక్కాలు తగలబెడుతున్నారు. మా ఆయన కూడా పళ్ళు కొరికి, ఇంత అన్యాయమా అంకుల్, డబ్బుకు అమ్ముడుపోయిండు అన్నాడు.

"డబ్బుకి పోతే తప్పేందయ్యా?" అన్నారు ఆయన, పప్పులో నెయ్యి వేసుకుంటూ. "నువ్వు పోవా? నేను పోలా? చిన్న కంపెనీలో మట్టి పరీక్షలు చేసుకుంటా ఉన్నా. పెద్ద కంపెనీవాడు జీతం ఎక్కువిస్తానన్నాడు. మా బాస్ దగ్గరికెళ్ళి, డబ్బు కోసం పోతున్నానండీ అని చెప్పా. ఆయన లంచ్ కొనిపెట్టి పంపాడు."

"మరి వాని మీద కోపం ఎందుకు అంకుల్, అన్ని గీతలు గీసిన్రు?" అన్నాడు మా ఆయన.

పేపరు మా ముందుకి తోశారు. "చదువు. పిల్లల కోసమంట, కొత్త ఛాలెంజ్ కోసమంట, ఆ ఊళ్ళో గాలి బావుంటదంట. ఒక్కమాట డబ్బు అన్లా. అన్ని రోజులు వీడి కోసం గొంతు చించుకున్నోళ్ళకి నిజం కూడా దక్కలా. వాడు డబ్బు తీసుకున్నందుకు కాదయ్యా, నిజం ఎగ్గొట్టినందుకు."

ఆంటీ అప్పుడు, చాల్లెండి, అన్నం చల్లారిపోతోంది అని కసిరారు. ఆయన చిన్నపిల్లాడిలా పేపరు మడిచి పక్కన పెట్టారు. నేను నవ్వాను. ఆ మాటలు నా గురించి అవుతాయని నాకు తెలియదు.

తర్వాతి వసంతానికి మావాడి పేరు పక్క ఊళ్ళకి పాకింది. అక్కడ ఒక ప్రైవేటు క్లబ్బు ఉంది. ఇళ్ళు కట్టి అమ్మే ఒక కోటీశ్వరుడు తన కొడుకు కోసం పెట్టుకున్న టీం అది. ఏసీ షెడ్లలో ప్రాక్టీసు, మెరిసే బ్యాట్లు, ఒక్కో పిల్లాడి ఫీజు ఏడాదికి మా రెండు నెలల అద్దెకంటే ఎక్కువ. వాళ్ళ కోచ్ పార్కింగ్ లాట్‌లో నన్ను ఆపి, మీవాడికి ఫీజు వద్దు, బ్యాటూ బట్టలూ హోటళ్ళూ మావే అన్నాడు. ఇలా ఆడితే రేపు కాలేజీలో స్కాలర్‌షిప్ వస్తుందన్నాడు. ఒకటే షరతు, ఈ వారమే చేరాలి. పది రోజుల్లో మా ఊరి టీంకి సీజన్ చివరి టోర్నమెంట్ ఉంది. మావాడు లేకపోతే బంతి వేసేవాడు లేడు.

ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగుతామని మనవాళ్ళ మీద ఒక మాట ఉంది. నేను తాగాను. అవి ఉద్యోగాలు ఊడుతున్న రోజులే, మా ఆయన ఆఫీసులో సగం కుర్చీలు ఖాళీ అయిన మాట నిజమే. కానీ మాకు తినడానికి లేక కాదు. ఊరికే వస్తోంది, అది కూడా గొప్పవాళ్ళ దగ్గర, అదీ సంగతి.

"ఆయనకి ఉన్నదున్నట్టు చెప్పరాదు?" అన్నాడు మా ఆయన. "పోతున్నమంటే మనల్నేమన్న తింటడా?"

తినరని నాకూ తెలుసు. కానీ రెండేళ్ళు ఆయన గొడుగు నీడన కూర్చుని, ఆయన మజ్జిగ తాగి, ఇప్పుడు ఫీజు లేదంటున్నారు అంకుల్, వెళ్ళిపోతున్నాం అనడానికి నోరు రాలేదు. నాకు ఆ ఉచితమూ కావాలి, ఆయన దగ్గర నా మంచిపేరూ కావాలి. అందుకని మన తెలుగు ఇళ్ళలో ఎవరూ ఎదురు చెప్పలేని సాకు ఒకటి ఉంది కదా, అది వాడాను. ఫోన్ చేసి, "చదువు ఖరాబైతుంది అంకుల్. ఆట మానిపిస్తున్నం" అన్నాను.

"ఏ సబ్జెక్టులో వెనకబడ్డాడమ్మా?" అన్నారు.

నోటికొచ్చింది చెప్పాను. "మ్యాథ్స్."

"అయ్యో, ముందే చెప్పొచ్చుగా. నేను ఇంజినీర్నేగా. మంగళవారం సాయంత్రం వస్తా. వాడు ఆల్జీబ్రాలో పడిపోకుండా చూసే పూచీ నాది."

వద్దంటే అబద్ధం బయటపడుతుంది. సరే అన్నాను. మావాడు క్లాసులో మ్యాథ్స్ ఫస్ట్.

మొదటి మంగళవారం ఆయన తన పాత ఆల్జీబ్రా పుస్తకం సంచీలో పెట్టుకుని వచ్చారు. మావాడికి ముందే గట్టిగా చెప్పాను, అంకుల్ ముందు క్లబ్బు ఊసెత్తితే ఊరుకోనని. పన్నెండేళ్ళ పిల్లాడికి అబద్ధం ఎలా ఆడాలో చెప్పాను గానీ లెక్కలు తప్పు చేయడం నేర్పలేకపోయాను. ఆయన పది లెక్కలిచ్చారు. వాడు పదీ చేసి పెట్టాడు. ఆయన ఆ కాగితం చూశారు, కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు.

"బాగానే చేస్తున్నాడే?"

"టెస్టుల కంగారు పడ్తడు అంకుల్" అన్నాను.

"ఊఁ" అన్నారు. కాఫీ తాగారు. "అయితే ఈ పుస్తకం మొత్తం చేయిద్దాం, కంగారు పోద్ది. వచ్చే వారం వస్తా."

ఆ శనివారం మా ఊరి టీం మొదటి ఆటలోనే ఓడిపోయింది. పిచింగ్ చేసిన పిల్లాడు ఏడుస్తూ మైదానం దిగాడని తర్వాత విన్నాను. మీ బంగారం ఎందుకు రాలేదని మిగతా పిల్లల తల్లిదండ్రులు అడిగితే, చదువు కోసం మానిపించానని వాళ్ళమ్మ చెప్పింది అన్నారట ఆయన. అదే నిజమని తానుగా అనలేదు, నేను చెప్పానని అన్నారు. నా మాట బరువు నా మీదే ఉంచారు. ఆ తేడా అప్పుడు నాకు తట్టలేదు.

జూలైలో దగ్గర్లోని ఫ్రిస్కో ఊళ్ళో క్లబ్బువాళ్ళ టోర్నమెంట్. నాలుగో ఇన్నింగ్స్‌లో చూద్దును కదా, కుడివైపు కంచె అవతల అంచులు వాలిన గుడ్డ టోపీ. ఒడిలో స్కోరు పుస్తకం. నేను లేచి పరుగులాంటి నడకతో కారు దగ్గరికి వెళ్ళి, సీటు వెనక్కి వాల్చి పడుకున్నాను. నలభై ఏళ్ళ ఆడదాన్ని, నూట రెండు డిగ్రీల ఎండలో, ఏసీ వేస్తే చప్పుడవుతుందని వేసుకోకుండా చెమటలు కక్కుతూ పడుకున్నాను. ఆట అయ్యాక మావాడు తలుపు తీశాడు.

"అమ్మా, అంకుల్ వచ్చాడు. నాకు వేవ్ చేశాడు. నేను కూడా చేశాను. ఈజ్ దట్ ఓకే?"

నేను ఏసీ పెట్టి కారు తీశాను. దారి పొడుగునా వాడు కిటికీలోంచి బయటికే చూశాడు.

ఇక మంగళవారం రారనుకున్నాను. వచ్చారు. అదే చొక్కా, అదే సంచీ. మావాడి మోచేతి మీద చెక్కుకుపోయిన గాయం ఉంది. పరుగెత్తి నేల మీద జారుతూ బేస్ అందుకుంటే ఆటగాళ్ళకి తగిలే గాయం అది. వాడి ఆట రెండేళ్ళు రాసిన మనిషికి అది తెలియకుండా ఎలా ఉంటుంది?

"ఏందిరా అది?" అన్నారు. వాణ్ణి అడిగారు గానీ చూపు వంటింటి గుమ్మంలో ఉన్న నా మీద ఉంది. అందులో కోపం లేదు. కోపం ఉంటే బహుశా నేను చెప్పేసేదాన్ని.

"సైకిల్ మీదికెల్లి పడ్డడు అంకుల్."

మావాడు తల వంచుకున్నాడు. ఆయన వాడి మోచెయ్యి పట్టుకుని గాయం మీద మెల్లిగా ఊదారు. "మందు రాయి అమ్మా" అని పుస్తకం తెరిచారు.

ఆ తర్వాత నాకు నేను ఒక తర్కం చెప్పుకున్నాను. ఆయనకి తెలిసిపోయింది. తెలిసిన మనిషికి మళ్ళీ చెప్పేదేముంది? ఆయన అడగలేదు కాబట్టి క్షమించేసినట్టే. ఈ మాట రోజూ అనుకుంటే కొన్నాళ్ళకి నిజంలాగే ఉండేది. వేసవి పోయింది, బడి తెరిచారు, చలి వచ్చింది. ఒక్క మంగళవారం కూడా ఆయన మానలేదు. ఒకసారి రోడ్ల మీద మంచు గడ్డకడితే, వద్దు అంకుల్ అని ఫోన్ చేశాను. అప్పటికే మా వీధి మలుపులో ఉన్నారు. కాఫీ ఇస్తే తాగేవారు, పాఠం అయ్యాక ఒక పది నిమిషాలు ఊరికే కూర్చునేవారు. మా అమ్మ మోకాళ్ళ గురించి, మా ఆయన ఉద్యోగం గురించి అడిగేవారు. నేను అన్నీ చెప్పేదాన్ని.

మే నెలలో పుస్తకం ఆఖరి పేజీకి వచ్చింది. ఆ రోజు ఆయన తలుపు దాకా వెళ్ళి ఆగారు.

"ఇంకేమన్నా ఉందా అమ్మా?"

గురువుకి పెట్టాలని నేను చొక్కా గుడ్డ, పళ్ళు సిద్ధం చేసి ఉంచాను. గబగబా లోపలికి వెళ్ళి పళ్ళెంలో తెచ్చాను. "మీ రుణం ఎట్ల తీర్చుకోవాలె అంకుల్" అన్నాను, నిజంగానే కళ్ళు చెమ్మగిల్లాయి. ఆయన ఒక అరటిపండు తీసుకున్నారు. గుడ్డ పళ్ళెంలోనే ఉంచి, మావాడి తల నిమిరి, మెట్లు దిగి వెళ్ళిపోయారు.

మరుసటి ఏడు క్లబ్బువాళ్ళు కాలిఫోర్నియా నుంచి వచ్చిన ఇంకో పిల్లాణ్ణి తెచ్చుకున్నారు. మావాడు బెంచీ మీదికి వెళ్ళాడు. ఆ పై ఏడు, ఉండాలంటే ఫీజు కట్టండన్నారు. మావాడే వద్దన్నాడు. ఊరి టీంకి తిరిగి వెళ్ళమంటే, "నో, అమ్మా. వాళ్ళు నా ఫేస్ చూస్తారు" అన్నాడు. పద్నాలుగో ఏట వాడు నిజంగానే ఆట మానేశాడు. నేను ఆ పార్కు వైపు కారు పోనివ్వడం మానేశాను. ఆయన ఎదురుపడితే నవ్వేవారు, మావాడు ఎలా ఉన్నాడని అడిగేవారు, నేను తొందర పని ఉన్నట్టు నటించేదాన్ని.

బెండకాయలు వదిలేసి వచ్చిన రెండు వారాలకి, పెద్ద కర్మ అయ్యాక, చారూ దొండకాయ వేపుడూ పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. చుట్టాలు వెళ్ళిపోయారు, వాళ్ళమ్మాయి పైన నిద్రపోతోంది. ఆంటీ ఒక్కరే వంటింట్లో కూర్చుని ఉన్నారు. నన్ను చూసి, "మీవాడు కాలేజీకి వెళ్ళిపోతున్నాడటగా, ఆయన ఉంటే ఎంత సంతోషపడేవారో" అన్నారు. ఇంక నావల్ల కాలేదు. గిన్నెలు బల్ల మీద పెట్టి, నిలబడే చెప్పాను.

"ఆంటీ, మేం మావాణ్ణి చదువు కోసం మానిపియ్యలేదు. వేరే క్లబ్బోళ్ళు ఫీజు లేదన్నరు, అందుకే పోయినం. అంకుల్‌కి అబద్ధం చెప్పిన."

ఐదేళ్ళు గొంతులో ఉన్న మాట, చెప్పడానికి అరనిమిషం కూడా పట్టలేదు.

ఆంటీ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. "తెలుసమ్మా. ఆయన మొదటి మంగళవారమే అన్నారు, పిల్లాడికి లెక్కలన్నీ వచ్చునే అని."

"మరి ఏడాది పొడుగునా ఎందుకొచ్చిన్రు ఆంటీ?"

"నేనూ అడిగేదాన్ని. అన్నీ వచ్చిన పిల్లాడికి చెప్పడానికి ఈ చలిలో ఎందుకండీ అని. పిల్లాడి కోసం కాదే, వాళ్ళమ్మ కోసం అనేవారు. ప్రతి మంగళవారం ఆయన బూట్లు విప్పుకుంటుంటే, ఆ అమ్మాయి చెప్పిందా అని అడిగేదాన్ని. ఇంకా లేదు, వచ్చే వారం చెప్పిద్దిలే అనేవారు."

ఆంటీ లేచి చారు గిన్నె స్టవ్ మీద పెట్టారు. ఆవిడ వీపు నా వైపు ఉంది. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"ఆఖరి మంగళవారం ఏమన్నరు ఆంటీ?"

"పెద్దగా ఏమీ అనలేదమ్మా. పుస్తకం అయిపోయింది, ఇంక వచ్చే వారం లేదు అన్నారు."